కండక్టరు బాబాయి మరిచిపోయిన కుర్చీలు

కండక్టరు బాబాయికి మతి జారిపోయిందని పేటంతా చెప్పుకునేవాళ్ళు. ఊరికే జారడం కాదు, నెలకొక కుర్చీ చొప్పున జారుతోందని. ప్రతి నెలా మొదటి శనివారం, సాయంత్రం నాలుగు కావస్తుండగా, ఆయన ఇంట్లోంచి ఒక కుర్చీ నెత్తిన పెట్టుకుని బడికి బయల్దేరేవాడు. తిరిగొచ్చేటప్పుడు చేతులూపుకుంటూ వచ్చేవాడు. "కుర్చీ ఏదయ్యా?" అని ఎవరైనా అడిగితే ఆగి, వెనక్కి తిరిగి చూసి, "ఏ కుర్చీ?" అనేవాడు.

"ముప్పై ఒక్క ఏళ్ళు బస్సులో ఊగీ ఊగీ మెదడు కుదురు తప్పింది పాపం" అనేవాడు పాలాయన.

"అది కాదు. ఆయనకి మూలశంక. ఇంకొకళ్ళ కుర్చీలో కూర్చోలేడు. అందుకే తనది మోసుకెళ్తాడు" అనేవాడు మంగలి.

"మరి అక్కడే వదిలేసి వస్తాడేం?"

"అదీ, అక్కడే మతిమరుపు."

రెండు జబ్బులూ కలిపితే లెక్క సరిపోయేది కాబట్టి పేటకి ఆ రెండూ ఖాయమైపోయాయి.

బడిలో నీళ్ళు పట్టే అమ్మాయికి మాత్రం ఈ జబ్బుల్లో ఏదీ నమ్మబుద్ధి కాలేదు. ఎందుకు నమ్మవే అంటే చెప్పలేదు. చెప్పడం ఆమెకి అలవాటు లేదు, చూడటమే అలవాటు. పద్దెనిమిదేళ్ళ పిల్ల. కుండలు నింపుతుంది, గదులు ఊడుస్తుంది, పాలకమండలి సమావేశమైనప్పుడు కుర్చీలు తుడిచి వేసి, టీ తెచ్చి ఇచ్చి, తలుపు పక్కన గోడకి ఆనుకుని నిలబడుతుంది. గోడకి సున్నం ఎంత కనబడుతుందో ఆ గదిలో వాళ్ళకి ఆమె అంతే కనబడేది.

ఆ పాలకమండలే బడికి పెద్ద దిక్కు. తొమ్మిదిమంది సభ్యులు. బడి ఎన్నింటికి మొదలవ్వాలి, ఏ తరగతి ఉండాలి, ఏది పోవాలి, అన్నీ వాళ్ళే తేలుస్తారు. బట్టల షాపు యజమాని అధ్యక్షుడు. మంచివాడే. కానీ షాపు మూసే వేళ గుర్తొస్తే ఆయన సంతకం పరుగెత్తుతుంది. కార్యదర్శి మాత్రం నిబంధనల పుస్తకం చంకలో పెట్టుకుని పుట్టిన మనిషి. ఆ పుస్తకంలో లేనిది ఆయన తుమ్మడు కూడా.

పుస్తకంలో ఇలా ఉంది: "సమావేశములు ప్రజలందరికీ తెరిచి ఉండును. అయితే గదిలో ఆసనము లభించిన వారికే ప్రవేశము." మేడమీద ఆ గదిలో సభ్యుల కుర్చీలు తొమ్మిది, ప్రజల కుర్చీలు రెండు. రెంటిలో ఒకదానికి మూడే కాళ్ళు. రెండోదాని మీద పాత ఫైళ్ళు, వాటి మీద ఒక ఫ్యాను రెక్క. అంచేత ప్రజలు ఎప్పుడూ రాలేదు.

ఇంకో నిబంధన కూడా ఉంది. ఏ తీర్మానానికైనా ముందు ప్రజల అభిప్రాయం అడగాలి. అధ్యక్షుడు తప్పకుండా అడిగేవాడు. కాగితంలోంచి తలెత్తకుండా "ప్రజల అభిప్రాయం?" అనేవాడు. కార్యదర్శి ఫైళ్ళున్న కుర్చీ వైపూ మూడు కాళ్ళ కుర్చీ వైపూ మర్యాదగా చూసి, పైకి చదువుతూ సమావేశాల పుస్తకంలో రాసుకునేవాడు: "ప్రజలు మౌనంగా అంగీకరించారు."

ఆ వాక్యం విన్నప్పుడల్లా నీళ్ళ అమ్మాయి తలుపు వెనకవైపు చూసేది. పనిలో చేరిన మొదటి వారంలో ఆ గది తలుపు లోపలివైపు దుమ్ము దులుపుతుంటే ఒక కాగితం బయటపడింది. "మధ్యాహ్నపు బడిలో తొమ్మిదో తరగతి రద్దు. అభ్యంతరములున్నవారు పదిహేను రోజులలో తెలుపవలెను." అప్పటికి రెండేళ్ళ కిందటి కాగితం. ఆ తొమ్మిదో తరగతిలో చేరాల్సిన పిల్లల్లో ఆమె ఒకతి.

ఉదయపు బడికి వెళ్ళడం వాళ్ళింట్లో కుదరదు. అమ్మది ఇస్త్రీ పని. తొమ్మిదిలోపు బట్టలు ఇళ్ళకి చేరాలి. అమ్మ తెల్లవారుజాము నుంచీ రుద్దుతుంటే పిల్లలు మూటలు మోసి ఇంటింటికీ ఇచ్చి రావాలి. అందుకే మధ్యాహ్నపు బడి. అది ఎనిమిదితో ఆగిపోతే ఆమె చదువూ ఎనిమిదితో ఆగింది. ఇప్పుడు చెల్లి అదే మధ్యాహ్నపు బడిలో ఏడో తరగతి చదువుతోంది. అక్క వదిలేసిన మూటలన్నీ ఇప్పుడు చెల్లి మోస్తోంది.

ఇలా ఉండగా ఒక శనివారం, కండక్టరు బాబాయి మేడెక్కి వచ్చాడు. ఉద్యోగం అయిపోయి పట్టుమని నెల కాలేదు. ఖాకీ చొక్కా ఇంకా విడవలేదు. తలుపు దగ్గర ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి, ద్వారబంధాన్ని బస్సు కమ్మీలా పట్టుకుని నిలబడ్డాడు.

"ఏం కావాలండీ?" అన్నాడు కార్యదర్శి.

"ఇది అందరికీ తెరిచి ఉంటుందట కదండీ. చూద్దామని."

"ఉంటుంది. కానీ ఆసనం లభించాలి."

బాబాయి లోపలికి చూశాడు. మూడు కాళ్ళ కుర్చీని చూశాడు. ఫ్యాను రెక్కని చూశాడు. "లభించలేదండీ" అన్నాడు.

"అయితే ప్రవేశం లేదు."

"నిలబడి వింటాను. నాకు అలవాటే."

"నిలబడటం గురించి పుస్తకంలో లేదు."

"లేదంటే, నిలబడకూడదనా, నిలబడొచ్చనా?"

కార్యదర్శి పుస్తకం తిరగేశాడు. ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి. చివరికి, "లేనిది లేదు" అన్నాడు. బాబాయి తెల్లమొహం వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. పోతూ పోతూ నీళ్ళ అమ్మాయిని చూసి, "నువ్వు ఇక్కడ నిలబడ్డావు కదమ్మడూ, నీకు ప్రవేశం ఉన్నట్టా లేనట్టా?" అన్నాడు. ఆమె రెండు రోజులు ఆలోచించింది. తేలలేదు.

తర్వాతి నెల ఇనప మడత కుర్చీ నెత్తిన పెట్టుకుని వచ్చాడు. కిర్రుమని విప్పి, జేబురుమాలుతో సీటు తుడిచి, కుర్చీ వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"ఇదేమిటండీ?" అన్నాడు అధ్యక్షుడు.

"ఆసనమండీ. లభించింది."

"ఎక్కడ?"

"మా ఇంట్లో."

సభ్యులు మొహమొహాలు చూసుకున్నారు. గదిలో ఆసనం లభించాలన్నారు కానీ ఆసనం ఎక్కడిదై ఉండాలో పుస్తకంలో లేదు. ఇరవై నిమిషాల చర్చ తర్వాత, గదిలో ఉన్నది గదిలోదే అని తేల్చారు.

"సరే, కూర్చోండి."

"కూర్చుంటానండీ. తొందరేముంది? ముందు ఈ మొదటి అంశం ఏమిటో నాకు అర్థం కాలేదు."

మొదటి అంశం కుళాయి. దాని మీద పది ప్రశ్నలు వేశాడు. కుళాయి ఎక్కడుంది? ఎవరికి అందుతుంది? చిన్న పిల్లలకి అందుతుందా? అందదని ఎవరు చూశారు? ఎవరూ చూడలేదు. మధ్యమధ్యలో కార్యదర్శి "కూర్చుని మాట్లాడండి" అంటూనే ఉన్నాడు. బాబాయి "కూర్చుంటానండీ, ఇది తేలనివ్వండి" అంటూనే ఉన్నాడు. చివరికి కుళాయి కిందికి దించాలని తీర్మానించి అందరూ చెమటలు తుడుచుకున్నారు. బాబాయి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. కుర్చీ ఉండిపోయింది.

"బాబాయ్, మీ కుర్చీ!" అని నీళ్ళ అమ్మాయి కిటికీలోంచి పిలిచింది. ఆమె గొంతు ఆమెకే సరిగ్గా వినపడదు. ఆయనకేం వినపడుతుంది?

మూడో నెల నీలం ప్లాస్టిక్ కుర్చీతో వచ్చాడు.

"పోయిన నెలది ఇక్కడే ఉంది కదండీ!" అన్నాడు కార్యదర్శి ఇనప కుర్చీ చూపించి.

బాబాయి దాని చుట్టూ తిరిగి చూశాడు. "ఇది నాదంటారా?"

"మీదే కదా! మీరే తెచ్చారు!"

"తెచ్చుంటానండీ. కానీ నాదని గట్టిగా చెప్పలేను. బస్సులో గొడుగు దొరికితే ఎవడో ఒకడు నాదంటాడు. రేపు అసలువాడొస్తే?"

కార్యదర్శి కణతలు నొక్కుకున్నాడు. పుస్తకం తీశాడు. ఈసారి దొరికింది: "పాఠశాలలో విడిచిపోయిన వస్తువును తదుపరి సమావేశము నాటికి సొంతదారు గుర్తించి తీసుకుపోనిచో అది పాఠశాల ఆస్తి." ఆయన మొహం వెలిగిపోయింది. పుస్తకంలో ఒక నిబంధన వాడుకలోకి వస్తే ఆయనకి పెళ్ళిరోజంత సంబరం. ఆస్తుల రిజిస్టరు తెరిచి, "కుర్చీ, ఇనప, మడత, ఒకటి" అని రాసుకుని, నీళ్ళ అమ్మాయిని పిలిచి, "దీని వీపు మీద తెల్లరంగుతో పాఠశాల ఆస్తి, నూట పన్నెండు అని రాయి" అన్నాడు.

ఆమె రాసింది. దస్తూరి గుండ్రంగా వచ్చింది. చాలా రోజుల తర్వాత అక్షరాలు రాస్తున్నానని అప్పుడు గుర్తొచ్చింది.

ఆ తర్వాత ఇక అడ్డే లేదు. నాలుగో నెల మధ్యలో కుంగిన పేము కుర్చీ. ఐదో నెల ఏకంగా పడక కుర్చీ. దాన్ని మేడమీదికి ఎక్కించడానికి ఇద్దరు సభ్యులు సాయం పట్టాల్సి వచ్చింది. పట్టాక, ఎందుకు పట్టామో వాళ్ళకే తెలియలేదు. ఆరో నెల ముక్కాలి పీట తెచ్చాడు.

"ఇది కుర్చీ కాదు" అన్నాడు కార్యదర్శి గెలిచినట్టు. "దీనికి వీపు లేదు."

"వీపుంటే కుర్చీ అవుతుందాండీ?"

"అవుతుంది."

బాబాయి కిందికి దిగి వెళ్ళాడు. పావుగంటకి వచ్చాడు. పీటకి వెనకాల ఒక చెక్క నిలువుగా మేకులు కొట్టి ఉంది. చెక్క మీద పాత రంగులో "చిల్లర ఇచ్చి సహకరించండి" అని ఉంది. కార్యదర్శి ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి, దాన్ని కూడా గదిలోకి రానిచ్చాడు. అదీ నెల తిరిగేసరికి రిజిస్టరులోకి వెళ్ళింది. "కుర్చీ, వీపు తరువాత చేర్చబడినది, ఒకటి."

ఈ పీట కుర్చీ సంగతిలో నీళ్ళ అమ్మాయి ఒకసారి చొరవ చేసింది. మరిచినా మరవకపోయినా ముసలాయన సొత్తు పోతోంది, రిజిస్టరులో ఎక్కకముందే ఇచ్చేద్దామని, ఒక ఆదివారం దాన్ని చంకన పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళింది. తలుపు తీసిన పిన్ని కుర్చీని చూడగానే రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"వద్దు తల్లీ! దాన్ని తీసుకుపో! ఆయన చూస్తే మళ్ళీ మొయ్యాలి, నడుం పట్టేస్తుంది."

లోపలికి చూస్తే గదంతా ఖాళీ. ఒక్క కుర్చీ లేదు. పిన్ని బోర్లించిన బకెట్టు మీద కూర్చుని కూరగాయలు తరుగుతోంది. బాబాయి చాప మీద బాసింపట్టు వేసుకుని, ముక్కు మీదికి కళ్ళజోడు జార్చి, నిబంధనల పుస్తకం నకలు ఒకటి చదువుతున్నాడు.

"నీళ్ళ అమ్మాయా? రా, కూర్చో" అన్నాడు. చుట్టూ చూసి, "ఎక్కడైనా" అని చేర్చాడు.

"బాబాయ్, కుర్చీ..." అంది ఆమె.

"ఏ కుర్చీ?"

ఆమె చంకలో ఉన్నదాన్ని చూపించింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని తేరిపార చూశాడు. "మంచి కుర్చీ. ఎవరిదో కానీ బడిలో ఉంటేనే దానికి అందం" అన్నాడు.

"చూశావుగా వరస!" అంది పిన్ని. "ఆ పుస్తకం తెచ్చుకుని నెల రోజులు చదివాడు. ఒకరోజు చదువుతూ చదువుతూ పకపకా నవ్వాడు. ఆ మర్నాటి నుంచే ఈ కుర్చీలు మోయడం. ఎన్ని కావాలయ్యా నీకు అంటే ఏడు అంటాడు. ఏడెందుకంటే బస్సు ఎక్కేవాళ్ళని ఎవరెవరినో గొణుక్కుంటూ వేళ్ళు లెక్కపెట్టుకుంటాడు. నాకైతే ఏమీ అంతుబట్టదమ్మా. మంచం జోలికొస్తే మాత్రం ఊరుకోను, చెప్తున్నా!"

నీళ్ళ అమ్మాయికీ అంతుబట్టలేదు. పీట కుర్చీ మళ్ళీ చంకన పెట్టుకుని బయల్దేరింది. గుమ్మం దగ్గర బాబాయి వెనక నుంచి అన్నాడు:

"అమ్మడూ, నువ్వు నా బస్సులో ఎక్కేదానివి. నీలం సంచీ. బడి స్టాపులో దిగేదానివి."

ఆమె తలూపింది.

"ఎనిమిది దాకా దిగావు. తర్వాత కనపడలేదు. ఇల్లు మారారేమో అనుకున్నాను. తీరా ఉద్యోగం అయిపోయే వారంలో చూస్తే అదే స్టాపులో బకెట్టుతో నిలబడ్డావు." ఆయన మొహం నిజంగానే అయోమయంగా ఉంది. "పది దాకా టికెట్టు తీసుకున్న పిల్ల ఎనిమిదిలో ఎందుకు దిగిపోయిందో నాకు అర్థం కాలేదు."

ఆమె కుర్చీ అడ్డం పెట్టుకుని గబగబా వచ్చేసింది.

ఏడో నెల బాబాయి తెచ్చిన దాన్ని చూసి పాలకమండలి మొత్తం లేచి నిలబడింది. తుక్కు కింద విప్పేసిన ఏదో బస్సులోంచి తెచ్చిన సీటు. ఇద్దరు కూర్చునేది. రెక్సిన్ చిరిగింది, పైన పట్టుకునే కమ్మీ కూడా ఉంది.

"ఇది ఒక కుర్చీయా, రెండు కుర్చీలా?" అన్నాడు మందుల షాపు సభ్యుడు.

"కాళ్ళు నాలుగే. ఒకటి" అన్నాడు కార్యదర్శి.

"మనుషులు ఇద్దరు పడతారు. రెండు" అన్నాడు బాబాయి. "మధ్యలో పిల్లని కూర్చోబెడితే రెండున్నర. దానికి అర టికెట్టు."

"ఒకటి అని రాస్తాను. 'ఇద్దరికి' అని పక్కన రాస్తాను. చాలా?" అన్నాడు కార్యదర్శి తల పట్టుకుని. "మీరు దయచేసి కూర్చోండి!"

"కూర్చుంటానండీ. ఈ ఏడో అంశం ఒక్కటి చెప్పండి ముందు."

ఏడో అంశం కాగితం మీద ఇలా ఉంది: "మధ్యాహ్నపు విభాగము యొక్క హేతుబద్ధ పునర్వ్యవస్థీకరణ."

"బస్సు ఎక్కడికి పోతుందో బోర్డు మీద రాస్తారండీ. ఇది చదివితే ఎక్కడికి పోతుందో నాకు అర్థం కాలేదు" అన్నాడు బాబాయి.

"మధ్యాహ్నం గంట బాగుచేయించడం కదూ?" అన్నాడు మందుల షాపు సభ్యుడు.

"కాదండీ, కిటికీలకి పరదాలు. మధ్యాహ్నం ఎండ పడుతోందని పోయినసారి అనుకున్నాం" అన్నాడు ఇంకొకాయన.

అధ్యక్షుడు కాగితం దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. "నేను సంతకం పెట్టబోయాను. దేనికండీ?" అని కార్యదర్శిని అడిగాడు.

"మధ్యాహ్నపు బడి ఎత్తేయడానికి" అన్నాడు కార్యదర్శి మామూలుగా. "రెండు పూటల బడికి రెండు హాజరు పట్టీలు, రెండు తాళాలు, రెండుసార్లు గంటలు. అంతా గందరగోళం. పిల్లలంతా ఉదయమే వస్తే పద్ధతిగా ఉంటుంది."

గోడ దగ్గర నీళ్ళ అమ్మాయి చేతిలోని ట్రేలో ఒక గ్లాసు ఇంకో గ్లాసుకి తగిలి టింగుమంది. గది మొత్తం మీద ఆ చప్పుడు బాబాయికి ఒక్కడికే వినపడినట్టుంది. ఆయన అటు చూడలేదు. ఊరికే గట్టిగా, "అయ్యయ్యో, ఇంతమంది పెద్దలకే ఇన్ని అర్థాలు తోస్తే, వచ్చే నెల దాకా ఆగి అర్థం చేసుకోవడం మంచిదేమోనండీ" అన్నాడు. పరదాల సభ్యుడు చిన్నబుచ్చుకుని ఉన్నాడు. ఆయనే ముందు "అవునవును" అన్నాడు. వాయిదా పడింది.

మెట్ల దగ్గర బాబాయి ఆగాడు. "అమ్మడూ, శనివారం నాలుగింటికి మీ అమ్మ ఏం చేస్తుంది?"

"ఇస్త్రీ."

"వచ్చే నెల మొదటి శనివారం ఒక్క గంట ఆ పెట్టెని చల్లారనివ్వమను" అన్నాడు. యథాప్రకారం సీటు వదిలేసి, చేతులూపుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి అన్నాల దగ్గర నీళ్ళ అమ్మాయి ఏడో అంశం గురించి అమ్మకి చెప్పింది. చెల్లి ముద్ద నోట్లో పెట్టుకుని అలాగే ఆగిపోయింది.

"మనం వెళ్తే లోపలికి రానిస్తారుటే?" అంది అమ్మ.

"కుర్చీ ఉంటే రానిస్తారమ్మా."

"మనకి కుర్చీలెక్కడివే?"

"బాబాయి మరిచిపోయినవి ఉన్నాయిగా. ఒకటి, రెండు..." అని లెక్కపెడుతూ, బస్సు సీటుని రెండుగా పట్టి, ఏడు దగ్గరికొచ్చేసరికి ఆమె నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

"ఏమైందే?" అంది అమ్మ.

"మతిమరుపు కాదమ్మా" అంది. నవ్వొచ్చింది, పొరబోయింది, చెల్లి నీళ్ళిచ్చింది.

ఆ నెల్లాళ్ళూ అమ్మ ఇస్త్రీ బట్టలు ఇచ్చిన ప్రతి ఇంట్లోనూ, తీసుకున్న ప్రతి ఇంట్లోనూ ఏడో అంశం చెప్పింది. ఆ పొడుగు మాట నోరు తిరక్క, "బడి మూసే మాట" అంది. అలా చెప్తేనే అందరికీ సుళువుగా అర్థమైంది.

ఎనిమిదో నెల మొదటి శనివారం నాలుగింటికి బాబాయి ఉత్త చేతులతో వచ్చాడు. మెట్ల కింద పాలాయన కూడా ఆగి చూశాడు. కార్యదర్శికి కాలూ చెయ్యీ ఆడలేదు.

"కుర్చీ ఏదండీ?"

"ఏ కుర్చీ?"

"నెలనెలా తెస్తారు కదండీ!"

"తెస్తానా?" అన్నాడు బాబాయి, తల గోక్కుంటూ.

ఆయన వెనక మెట్ల మీద ఆరుగురు ఆడవాళ్ళు. ముందు ఇస్త్రీ అమ్మ. ఆమె వెనక కూరగాయల బండి ఆవిడ, ఇద్దరు ఇళ్ళలో పనిచేసేవాళ్ళు, కుట్టుపని ఆవిడ, చంటిపిల్లని ఎత్తుకున్న ఒకామె. అందరి పిల్లలూ మధ్యాహ్నపు బడే.

కార్యదర్శి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. "ఇంతమందికి ప్రవేశం లేదు. ప్రజల కుర్చీలు రెండే. ఒకటి విరిగింది, ఒకదాని మీద ఫైళ్ళున్నాయి."

"అంతేనండీ, నిబంధన నిబంధనే" అని బాబాయి ఆడవాళ్ళ వైపు తిరిగి, "పదండమ్మా, పోదాం" అన్నాడు. ఇస్త్రీ అమ్మ మొహం వాడిపోయింది. బాబాయి ఒక మెట్టు దిగి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు. "అయ్యా, పోయే ముందు చిన్న సందేహం. ఆ గోడవార ఉన్నవన్నీ ఎవరి కుర్చీలండీ? నావేమోనని ఒక అనుమానం. నావైతే ఇంటికి పట్టుకుపోతాను. మా ఆవిడ బకెట్టు మీద కూర్చుంటోంది."

"మీవా!" కార్యదర్శికి ఎక్కడలేని కోపం వచ్చింది. "నెలనెలా నేను గుర్తుచేస్తే నావి కావన్నారు. గడువు దాటింది. రిజిస్టరులో రాశాను. నంబర్లు కూడా వేయించాను. అవి పాఠశాల ఆస్తి!"

"ఖాయంగా?"

"ఖాయంగా!"

"ఈ బస్సు సీటు కూడానా?"

కార్యదర్శి చేతిలోని రిజిస్టరు తెరిచి, అక్కడికక్కడే రాసి, సంతకం పెట్టి చూపించాడు. "నూట పదిహేడు. ఇద్దరికి!"

"అయితే ఈ గదిలో స్కూలు కుర్చీలు ఖాళీగా ఉన్నట్టేనా అండీ? సభ్యులవి పోను?"

"ఉన్నట్టే..." అని, కార్యదర్శి ఆగాడు. రిజిస్టరు చూశాడు. గోడవార కుర్చీలు చూశాడు. మెట్ల మీద ఆడవాళ్ళని చూశాడు. నిబంధనల పుస్తకం తెరవబోయి, అందులో ఏముందో గుర్తొచ్చి, నెమ్మదిగా మూసేశాడు. తలుపు దగ్గర నుంచి పక్కకి జరిగాడు.

"రైట్!" అన్నాడు బాబాయి. ముప్పై ఒక్క ఏళ్ళ గొంతు ఒక్కసారి బయటికొచ్చింది. "ముందుకి జరగండమ్మా, ముందుకి జరగండి! లోపల ఖాళీ ఉంది! చంటిపిల్ల తల్లికి పడక కుర్చీ ఇవ్వండి. ఆ పేము కుర్చీ మధ్యలో కుంగింది, చూసుకుని కూర్చోండి!"

ఆరుగురూ కూర్చున్నారు. బస్సు సీటులో ఇస్త్రీ అమ్మ పక్కన ఒక చోటు మిగిలింది.

"అమ్మడూ" అన్నాడు బాబాయి.

"నేను టీ ఇవ్వాలి బాబాయ్."

"ఏడో సీటు నీదే. ఖాళీగా పోనిస్తే ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు దండగ. కూర్చో."

నీళ్ళ అమ్మాయి ట్రే కింద పెట్టి కూర్చుంది. రెక్సిన్ చిరుగు గుచ్చుకుంది. ఆ గదిలో ఆమె కూర్చోవడం అదే మొదటిసారి. కూర్చుంటే ఆ గది వేరేగా కనబడింది. సభ్యుల మొహాలు తన మొహానికి సరిగ్గా ఎదురుగా ఉన్నాయి.

అధ్యక్షుడు అలవాటు కొద్దీ తలెత్తకుండా చదువుకుపోయాడు. "ఏడో అంశం. మధ్యాహ్నపు బడి రద్దు. ప్రజల అభిప్రాయం? లేదు. ప్రజలు మౌనంగా..."

"ఉంది" అన్నారు ఆరుగురూ ఒక్కసారే. పడక కుర్చీలో చంటిపిల్ల కూడా ఏదో అంది.

అధ్యక్షుడి పెన్ను జారి కింద పడింది. ఆ తర్వాత గదిలో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలియలేదు. తొమ్మిదిలోపు ఇవ్వాల్సిన బట్టలు, ఉదయం అంట్లు తోమే ఇళ్ళు, కూరగాయల బండి, అన్నీ ఒకేసారి బల్ల మీదికి వచ్చాయి. కార్యదర్శి రాయలేక "ఒక్కొక్కరూ! ఒక్కొక్కరూ!" అని మొత్తుకున్నాడు. చివరికి అందరూ ఊపిరి పీల్చుకోవడానికి ఆగిన క్షణంలో ఒక సన్నని గొంతు వినబడింది.

"నేను ఎనిమిదితో మానేశానండీ."

అందరూ తిరిగి చూశారు. నీళ్ళ అమ్మాయి. ఆమెకి గొంతుందని చాలామందికి అప్పుడే తెలిసింది.

"తొమ్మిది తీసేస్తున్నామని కాగితం అంటించారు. అభ్యంతరముంటే చెప్పమని కూడా రాశారు. కానీ ఈ గది తలుపుకి లోపలివైపు అంటించారండీ. నేను పనిలో చేరాక, దుమ్ము దులుపుతుంటే కనబడింది. గడువు దాటిపోయి రెండేళ్ళయింది." ఆమె అమ్మ వైపు చూసింది. "మా చెల్లి ఇప్పుడు ఏడు చదువుతోందండీ."

అధ్యక్షుడు లేచి వెళ్ళి తలుపు వెనకవైపు చూశాడు. కాగితం అక్కడే ఉంది. దాని కింద సంతకం ఆయనదే. తిరిగొచ్చి కూర్చుని, కింద పడ్డ పెన్ను తీసి మూత పెట్టాడు. షాపు మూసే వేళ దాటిపోయింది కూడా గుర్తు రాలేదు ఆయనకి.

"మధ్యాహ్నపు బడి ఉంటుంది. వచ్చే ఏడు నుంచి తొమ్మిదో తరగతి కూడా ఉంటుంది" అన్నాడు చివరికి. "అంగీకరించినవాళ్ళు చేతులెత్తండి." తొమ్మిది చేతులు లేచాయి. కార్యదర్శి చెయ్యి కొంచెం ఆలస్యంగా లేచింది, కానీ లేచింది. ఇక మీదట ప్రతి కాగితమూ బయట గేటుకి అంటించాలన్న తీర్మానం మాత్రం ఆయనే ప్రతిపాదించాడు. మందుల షాపు సభ్యుడు, "మరి గంట సంగతి?" అన్నాడు.

ఇదంతా జరుగుతున్నప్పుడు బాబాయి ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి, ద్వారబంధం పట్టుకుని నిలబడే ఉన్నాడు. ఆసనం లేదు కదా ప్రవేశమెలా అని కార్యదర్శి నీరసంగా అడిగితే, "నేను లోపల లేనండీ. ఫుట్‌బోర్డు మీదున్నాను" అన్నాడు. పుస్తకంలో ఫుట్‌బోర్డు లేదు.

పేటలో మాత్రం ఇప్పటికీ ఆ పాత మాటే నడుస్తోంది. బాబాయి ఆరు కుర్చీలు మరిచిపోయాడనీ, ఆయనకి ఇంకొకరి కుర్చీ పడదనీ మంగలి గడ్డం గీస్తూ గీస్తూ చెప్తూనే ఉంటాడు. నెలనెలా మొదటి శనివారం ఆ కుర్చీలు తుడిచి వేసేది నీళ్ళ అమ్మాయి. తుడిచి వేసి, తన చోట తను కూర్చుంటుంది. ఎవరు ఏ కుర్చీలో కూర్చుంటారో, ఎవరి బరువుకి ఏది కిర్రుమంటుందో ఆమెకి తెలుసు. తెచ్చిన వాటిలో ఒక్కదానిలో కూడా బాబాయి ఒక్కసారైనా కూర్చోలేదు.